క్లచ్చక్క మాట

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, పాత కార్ల బజారులో దాన్ని వాడినవాళ్ళు లేరు. అందరికీ ఆమె క్లచ్చక్క. నెత్తి నెరిసిన బ్రోకర్లు కూడా అక్కా అనే పిలిచేవారు. మొదట ఎవరో వెటకారానికి పెట్టిన పేరది. ఆమె వద్దన్న బండి కొన్నవాళ్ళు నెల తిరక్కుండానే మెకానిక్కుల చుట్టూ ప్రదక్షిణలు చేయడం చూశాక వెటకారం పోయింది, పేరు మిగిలింది.

పాత స్పోర్ట్స్ కారు మీద మనసుపడ్డవాళ్ళు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. మామూలు కారయితే ఎవరైనా చూసి చెప్పగలరు. స్పోర్ట్స్ కారు సంగతి వేరు. దాన్ని మొదట కొన్నవాడు ఎంత పెద్దమనిషైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు సిగ్నల్ దగ్గర పక్క బండిని చూసి రోషంతో తొక్కి ఉంటాడు. ఆ రోషమంతా పోయి పడేది క్లచ్ ప్లేటు మీదే. ఆమె బండి చుట్టూ తిరిగేది కాదు, రంగు చూసేది కాదు. డ్రైవర్ డోరు తీసి, ఎడమకాలి చెప్పు బయటే వదిలేసి, ఉత్తకాలు పెడల్ మీద పెట్టేది. నొక్కేటప్పుడు ఎంత బరువుంది, దారిలో ఎక్కడైనా గరుకు తగులుతోందా, వదులుతూ వస్తుంటే ఏ ఎత్తులో బండి కదలాలని చూస్తోంది, అన్నీ పాదంతోనే తెలుసుకునేది. సగం ఎత్తులో పట్టుకుంటే సరే. కాలు దాదాపు పైకి వచ్చేశాక గానీ పట్టుకోలేదంటే లోపల ప్లేటు అరిగి కాగితమైనట్టే. ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, క్లచ్ వదిలేది. ఇంజన్ ఠక్కున ఆగిపోతే ఆమె మొహం విచ్చుకునేది. ఆగకుండా మూలుగుతూ తిరిగిందంటే చెప్పు తొడుక్కుని దిగిపోయేది. "వద్దు" అని ఒక్క మాట. ఎందుకని అడిగితే చెప్పేది, అడక్కపోతే అదీ లేదు.

ఈ విద్య తండ్రి నేర్పింది. ఆయనకు రేకుల షెడ్డులో చిన్న మెకానిక్ షాపు ఉండేది. "ఇంజన్ ఎంత అరిస్తే ఏం లాభం? ఆ బలాన్ని చక్రాల దాకా మోసుకెళ్ళేది క్లచ్చే" అని ఇద్దరు పిల్లల్నీ చెరో బండిలో కూర్చోబెట్టి తొక్కించేవాడు. కూతురు తొక్కితే తలాడించేవాడు. కొడుకు తొక్కితే నెత్తి కొట్టుకునేవాడు. "వీడు క్లచ్ తొక్కడంలేదే, బొద్దింకను తొక్కుతున్నాడు" అనేవాడు. తమ్ముడు కూడా పడీపడీ నవ్వేవాడు. వాడికి అప్పట్లో మాట పడటం తెలియదు.

తండ్రి పోయాక షెడ్డు తమ్ముడికి వచ్చింది. ఎవరూ కూర్చుని పంచింది లేదు, అలా జరిగిపోయిందంతే. వాడు రేకులు పీకేసి, నేలంతా పలకలు పరిచి, వరసగా దీపాలు పెట్టి పాత స్పోర్ట్స్ కార్ల యార్డు చేశాడు. క్లచ్చక్కకు పెళ్ళి నిలవలేదు. టైలరు షాపు మీద గదిలో అద్దెకుండేది. ఆ గదికి వెళ్ళే మెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషి వస్తే ఒకరు వెనక్కి దిగాల్సిందే. అమ్మ తమ్ముడి దగ్గరే, యార్డులోని ఒక గదిలో ఉండేది. మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి, మంచం మీంచి లేపాలన్నా ఒక మనిషి కావాలి.

ఒక్క విషయంలో క్లచ్చక్క గట్టిగా ఉండేది. ఎవరు పిలిచినా తమ్ముడి యార్డుకు మాత్రం వెళ్ళేది కాదు. "అక్కడైతే వేరేవాళ్ళను చూసుకోండి" అనేసేది. బాగుందంటే తమ్ముడని చెప్పిందంటారు, బాగాలేదంటే వాడి వ్యాపారం చెడగొట్టినట్టవుతుంది. ఆ గొడవే వద్దనుకుంది.

ఆ మాట తప్పించింది రిటైరైన బస్సు డ్రైవరు. ఒకరోజు పొద్దున్నే మెట్లెక్కి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. కింద రోడ్డు మీద ఆయన భార్య గొడుగు వేసుకుని పైకి చూస్తోంది.

"రెండే సీట్లున్న బండి అమ్మాయ్, నీలం రంగు. మీ తమ్ముడి యార్డులో చూశాను. నువ్వొచ్చి ఒకసారి కాలు పెట్టాలి."

"అక్కడికి నేను రాను సార్."

"తెలుసు, చెప్పారు. అందుకే ఫోన్ చెయ్యకుండా మెట్లెక్కి వచ్చాను. ఫోన్లో అయితే పెట్టేస్తావు కదా." ఆయన నవ్వి చెమట తుడుచుకున్నాడు. "బతుకంతా వెనక అరవైమందిని కూర్చోబెట్టుకుని నడిపాను. ఒకడు స్పీడంటాడు, ఒకడు స్లో అంటాడు, ఒకడు స్టాపు దాటాక ఆపమంటాడు. ఇక నాకు వెనక సీటే లేని బండి కావాలి. పక్కన మా ఆవిడ, ఆవిడ ఒక్కతే తిట్టాలి."

క్లచ్చక్కకు నవ్వొచ్చింది. అలాంటి కారణం చెప్పి స్పోర్ట్స్ కారు కొన్న మనిషిని ఆమె చూడలేదు.

"సరే సార్, వస్తాను."

"సారేంటి సారు? బాబాయ్ అను."

యార్డులో తమ్ముడు ఆమెను చూడగానే మొహం ఒక్కక్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకుని, "అక్కా! దారి తప్పి వచ్చావా?" అంటూ ఎదురొచ్చాడు. నీలం బండి ముందు వరసలో మెరుస్తూ ఉంది. డ్రైవరుగారు దాని బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, పిల్లవాడి భుజం మీద వేసినట్టు.

ఆమె చెప్పు విప్పి కూర్చుంది. పెడల్ నొక్కి వదిలింది. సరిగ్గా సగం ఎత్తులో పట్టుకుంది. మళ్ళీ నొక్కింది. పట్టుకునే చోటు బాగానే ఉంది గానీ, పెడల్ మరీ బరువుగా ఉంది. రివర్స్ గేరు వేస్తే లోపల పళ్ళు కొరికినట్టు చప్పుడైంది. ఆమె వంగి స్టీరింగ్ కింద చీకట్లోకి చూసింది. పెడల్ రాడ్డు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది, దాని నట్టు మాత్రం స్పానర్ తగిలి తళతళలాడుతోంది. ఎవరో రాడ్డు సర్ది, పైకంటా వెళ్ళిపోయిన క్లచ్‌ను సగానికి దించారు. ప్లేటు అయిపోయిందని కాలికి తెలియకుండా చేశారు. ఎలా చెయ్యాలో నాన్న నేర్పాడు. ఎవరైనా ఇలా చేస్తే పట్టుకోవడానికి నేర్పాడు.

ఆమె తల ఎత్తేసరికి తమ్ముడు కిటికీ దగ్గరే ఉన్నాడు.

"అక్కా, ఒక్కసారి ఇలా రా. అమ్మ సంగతి మాట్లాడాలి" అన్నాడు డ్రైవరుగారికి వినపడేలా.

యార్డు వెనక బండ్లు కడిగే పంపు ఉంది. వాడు పంపు తిప్పాడు. నీళ్ళ చప్పుడులో మాట పక్కకు పోదు.

"చూశావు కదా" అన్నాడు.

"చూశాను. సిగ్గులేదట్రా? ఆ పెద్దాయన్ని చూస్తే నీకేం అనిపించడంలేదా?"

"నువ్వెందుకొచ్చావు అసలు? ఇన్నాళ్ళూ రాలేదుగా?"

"ప్లేటు మార్చి ఇవ్వు. నేనే మారుస్తాను, చేతికూలి కూడా వద్దు."

"ఇవాళ అన్నీ నీతులే." వాడు గొంతు తగ్గించాడు. "సరే, వెళ్ళి వద్దని చెప్పు. నీ మాట మీద నడిచిపోతాడు. సాయంత్రానికి బజారంతా పాకుతుంది, సొంత అక్కే వద్దందట అని. యార్డు మూసుకుంటాను. అమ్మను నీ దగ్గర దింపుతాను. మెట్లెక్కిస్తావా? బాత్రూముకు మోసుకెళ్తావా? నువ్వు పనికి పోతే మంచం పక్కన ఎవరుంటారు? చెప్పు."

ఆమెకు అమ్మ ప్రతి ఫోన్‌లోనూ అనే మాటే గుర్తొచ్చింది, వాడి కడుపు మీద మాత్రం కొట్టకే అని. కొట్టిందెప్పుడని ఆమె ఎన్నడూ అడగలేదు.

"ఒక్క బండి అక్కా" అన్నాడు తమ్ముడు. ఈసారి గొంతు నిజంగానే వణికింది. అదే ఆమెను పడగొట్టింది. బెదిరిస్తే తట్టుకునేదేమో. బొద్దింక అని నాన్న అన్నప్పుడు నవ్విన పిల్లవాడి మొహం కనిపించింది వాడిలో.

హ్యాండ్‌బ్రేక్ లాగి చూసే పరీక్ష ఆమె చెయ్యలేదు. డ్రైవరుగారే నడుపుతానన్నాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఆయన నడపడం చూస్తే ముచ్చటేసింది. గేరు మార్చినట్టే తెలియదు. ఊరి బయటి రోడ్డెక్కి, ఇంజన్ వేడెక్కాక, నాలుగో గేరులో ఆయన యాక్సిలరేటర్ నొక్కాడు. మోత పెరిగింది, బండి వేగం పెరగలేదు. ఆయన కాలు తీశాడు. మళ్ళీ నొక్కాడు. బండిని పక్కకు తీసి ఆపాడు.

"అమ్మాయ్, ఇంజన్ ముందు పరిగెత్తి, బండి వెనకాల తాపీగా వచ్చినట్టుందే. క్లచ్ జారుతోందా?"

ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. అనుమానంగా కాదు, తెలుసుకోవాలని.

"లేదు బాబాయ్" అంది క్లచ్చక్క. "ఈ బండ్లు అలాగే ఉంటాయి. మీ కాలు బస్సుకు అలవాటు పడింది. తెలియకుండానే క్లచ్ పెడల్ మీద ఆనించి ఉంచుతున్నారు. నాలుగు రోజులు నడిపితే సర్దుకుంటుంది."

"అంతేనంటావా?"

"అంతే."

"హమ్మయ్య" అన్నాడాయన. ఆ హమ్మయ్య ఆమె చెవిలో చాలా కాలం ఉండిపోయింది.

ఆయన కూలి ఇవ్వబోతే ఆమె వద్దంది. డ్రైవరుగారు దాన్ని అభిమానం అనుకున్నాడు. "బాబాయ్ అన్నావుగా, తీసుకోవులే" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన భార్య గొడుగు మడిచి, కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ పక్క సీట్లో కూర్చుంది.

ఒక్క బండి అన్నది ఒక్కదానితో ఆగలేదు. వారం తిరిగేసరికి యార్డు ముందు కొత్త బోర్డు వెలిసింది. "క్లచ్చక్క చూసి సరేనన్న బండ్లు" అని పెద్ద అక్షరాలు, పక్కన చెప్పులేని పాదం బొమ్మ. బస్సులో వెళ్తూ దాన్ని చూసిన ఆమె తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది.

"తియ్యరా దాన్ని."

"ఎందుకు? అబద్ధమేముంది? చూశావు, సరేనన్నావు."

"ఒక్క బండి అన్నావు."

"బోర్డు మీద లెక్క రాయలేదుగా" అని నవ్వాడు తమ్ముడు. లోపల గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "వచ్చావా తల్లీ? ఇన్నాళ్ళకు మీరిద్దరూ ఒక్కటయ్యారు. నాకింకేం కావాలి!" ఆ గొంతులోని సంతోషం విన్నాక క్లచ్చక్క బోర్డు సంగతి వదిలేసి లోపలికి వెళ్ళింది. అమ్మ కాళ్ళకు నూనె రాసి వచ్చేసింది.

అప్పట్నించి అమ్మను ఆసుపత్రికి తిప్పే పని కూడా ఆమెదే అయింది. వానాకాలం వెళ్ళాక ఒకరోజు అమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని వరండాలో తమ వంతు కోసం ఎదురుచూస్తుంటే, ఎదురు బెంచీ మీద డ్రైవరుగారి భార్య కనిపించింది. ఆవిడ బాగా చిక్కిపోయింది. ఒళ్ళో మగవాళ్ళ బూటు ఒకటే ఉంది, ఎడమకాలిది.

"బాబాయ్‌కేమైంది పిన్నీ?"

"కాలమ్మా. నరాల డాక్టరు దగ్గరున్నారు. స్పర్శ పోయిందంటారు ఆయన. డాక్టర్లేమో అన్నీ చూసి ఏమీ లేదంటారు. ఈయన నమ్మరు." ఆవిడ బూటును రెండు చేతుల్తో తిప్పుతోంది. "వంతెన ఎక్కుతుంటే బండి ముందుకు పోలేదు. ఇంజన్ గీపెడుతోంది, బండి వెనక్కి జారుతోంది. వెనకాల ఒకటే హారన్లు. ఎవడో కుర్రాడు కిటికీలోకి తొంగిచూసి, తాతా, ఈ వయసులో ఇలాంటి బండెందుకు, నడక కర్ర కొనుక్కో అన్నాడు. బతుకంతా ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన మనిషి. ఇంటికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టేశారు. నా కాలు చచ్చిపోయింది, ఆ అమ్మాయి మొదటిరోజే కనిపెట్టింది అన్నారు."

క్లచ్చక్క చక్రాల కుర్చీ పట్టుకుంది.

"బండి ఎక్కడ కొన్నారమ్మా?" అని మధ్యలో అమ్మ అడిగింది. చెప్పగానే మొహం వెలిగిపోయింది. "మా వాడి దగ్గరే! మంచి బండ్లమ్మా. మా అమ్మాయి చూడందే ఒక్కటీ బయటికి పంపడు."

గదిలోంచి డ్రైవరుగారు బయటికొచ్చాడు, ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది. ఆమెను చూసి నవ్వబోయాడు. "నువ్వు చెప్పిందే నిజమైంది అమ్మాయ్. పెడల్ మీద కాలు ఆనించేస్తున్నానట, నాకే తెలియడంలేదు."

ఆమె అక్కడ చెప్పలేకపోయింది. అమ్మను యార్డులో దింపి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది. వాకిట్లో నీలం బండి మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. నట్టు, పంపు దగ్గర మాటలు, తను ఆడిన అబద్ధం. "మీ కాలికేమీ కాలేదు బాబాయ్. ఆరోజు మీకు తెలిసిందే నిజం."

ఆయన కోప్పడతాడేమో, తిడతాడేమో అని ఆమె కాచుకుని ఉంది. తిడితే బాగుండేది.

"నా కాలు చెప్పింది" అన్నాడు చివరికి. "నువ్వు కాదన్నావు. నేను నీ మాట విన్నాను." చేత్తో ఎడమకాలు నిమురుకున్నాడు. "అది కాదమ్మాయ్, నా బాధ ఏంటో తెలుసా? మంచం మీద పడుకుని బస్సు నడిపిన రోజులన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. అప్పుడు కూడా కాలు ఇలాగే ఉందేమో, అదృష్టం బాగుండి ఎవరూ చావలేదేమో అని. అరవైమంది చొప్పున ఎంతమంది నా వెనక కూర్చున్నారు! అందరినీ గండం మీంచి తిప్పుకొచ్చానేమోనని భయమేసింది."

ఆయన భార్య వంటగది గుమ్మంలో నిలబడి అంతా వింది. "తలుపు తీసే ఉందమ్మా, వెళ్ళు" అంది. గొంతు పెంచలేదు.

మర్నాడు క్లచ్చక్క తమ్ముడి ముందు నిలబడింది. బండి వెనక్కి తీసుకోమంది. వాడు కుర్చీలోంచి లేవలేదు. "సరేనన్నది నువ్వు. బోర్డు మీద పాదం నీది. నన్నడుగుతావేం?" అన్నాడు. ఆమె బయటికొచ్చి, బండ్లు చూడ్డానికి వచ్చినవాళ్ళందరి ముందూ నిలబడి, ఆ బోర్డు అబద్ధమని, తను చూసింది ఒక్క బండేనని, అది కూడా పాడు బండేనని గట్టిగా చెప్పింది. జనం విన్నారు. కానీ వాళ్ళు విన్నది వేరు. డబ్బులిస్తే ఈవిడ పాడు బండిని కూడా బాగుందంటుందట, ఆ సంగతి తనే ఒప్పుకుంది, ఇప్పుడు వాటాల దగ్గర తేడా వచ్చి తమ్ముడి మీద పడింది అనుకున్నారు. బ్రోకర్లు పలకరించడం మానేశారు. ఆమె కోసం వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గి, చివరికి ఎవరూ రాలేదు. తమ్ముడు బోర్డు మీద అక్షరాలు చెరిపించి, పాదం బొమ్మ మాత్రం ఉంచుకున్నాడు. బొమ్మ బాగుందని.

అన్న మాట మాత్రం వాడు నిలబెట్టుకున్నాడు. ఇద్దరు పనివాళ్ళు అమ్మను కుర్చీతో సహా ఎత్తి, ఆ ఇరుకు మెట్ల మీంచి గోడలు గీసుకుంటూ పైకి చేర్చి, బట్టల సంచీ పక్కన పెట్టి వెళ్ళిపోయారు. తను రాలేదు.

డ్రైవరుగారి బండికి కొత్త ప్లేటు వేసి ఇస్తానని క్లచ్చక్క కబురు పంపింది. మూడుసార్లు పంపాక ఆయన సరేనన్నాడు. తెలిసినవాళ్ళ షెడ్డులో చోటడిగి, గేరుబాక్సు దింపి, పాత ప్లేటు బయటికి తీసింది. దాని మీద రాపిడి పొర అనేదే మిగల్లేదు, రివెట్లు తేలి ఉన్నాయి. కొత్తది వేసి, రాడ్డు సరైన చోటుకు తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగి మూడో గేరులో వదిలింది. ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చూసింది.

డ్రైవరుగారు వచ్చి కూర్చున్నాడు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. బండి మెత్తగా వచ్చింది, మెత్తగా ఆగింది.

"ఇప్పుడెలా ఉంది బాబాయ్?"

"నువ్వు చెప్పు."

"చాలా బాగుంది."

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ ఉండిపోయాడు. "అప్పుడూ అలాగే అన్నావు. నాకిప్పుడు బాగుందనే అనిపిస్తోంది. కానీ అది నిజంగా బాగుండటమా, నువ్వు చెప్పావని బాగుండటమా, ఆ సంగతి తెలియడంలేదమ్మాయ్. ఆ తేడా తెలిసే చోటు పోయింది నాలో." తాళం తీసి, దిగి, బండి అక్కడే వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తరువాత ఎవరినో పంపి తీసుకెళ్ళాడు. అమ్మేశాడని ఆ పైన ఎప్పుడో తెలిసింది.

క్లచ్చక్క ఇప్పుడు టైలరు షాపులోనే గుండీలు కుట్టే పనికి కుదిరింది. మెట్లు దిగితే పని, ఎక్కితే అమ్మ. పొద్దున్నే కాళ్ళకు నూనె రాస్తుంటే అమ్మ కిటికీ వైపు తల తిప్పి అడుగుతుంది.

"తమ్ముడు ఇవాళైనా వస్తాడంటావా?"

"వస్తాడమ్మా. పని ఒత్తిడిలో ఉన్నాడు" అంటుంది ఆమె.

ఆ మాట చెప్పడానికి ఆమెకు కష్టంగా అనిపించడం మానేసి చాలా కాలమైంది.